వృద్ధుల గృహపరిచర్య - ప్రభుత్వ ధర్మము

చెన్నపురిలోని చూలై తెలుగు కుటుంబములు చిరకాలముగా వసించుచున్న పేట. అచ్చటి నిరుపేద వృద్ధులకు ప్రభుత్వము ధనమును, మందును సమకూర్చుచున్నది. 1962లో మదరాసు రాష్ట్రమున నెలకు 20 రూపాయలతో ఆరంభమైన వృద్ధాప్యపు పింఛను 2023లో 1,200 రూపాయలకు పెరిగినది. 2021 ఆగష్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’, అనగా ప్రజలను వెదకివచ్చు వైద్యము, రక్తపుపోటు, మధుమేహముల మందులను ఇంటికే చేర్చుచున్నది.

అయినను వైద్యసేవకులు వచ్చి పోవువారే. స్నానము చేయించుట, అన్నము తినిపించుట, రాత్రి మేల్కొని కనిపెట్టియుండుట కోడలిదో కూతురిదో వంతు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము సంతానమునకు బాధ్యతను విధించినదే గాని, పరిచర్యకు వేతనము నేర్పరుపలేదు. జర్మనీ దేశము 1995 నుండి పరిచర్య బీమా మూలమున ఇంట సేవచేయు బంధువులకును ధనము చేరునట్లు చేసినది. మందులు గడపకు వచ్చినవి. ఇక గడపలోపలి సేవకును ప్రభుత్వము తన వంతు నీయవలసియున్నది.