పైపు పాతబడితే నీళ్లతో ముప్పు

బళ్లారి: పొద్దున్నే కొళాయి తిప్పితే తొలి చెంబెడు నీళ్లు ఎర్రగా వస్తున్నాయా? ఇంట్లో జీఐ పైపులు లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. ధార సన్నబడినా, ఒకచోట అతుకేస్తే మరోచోట కారుతున్నా మార్చే వేళయినట్టే.

రాత్రి మిద్దెపై ట్యాంకు నింపి, మట్టం దగ్గర గీత గీసి, కొళాయిలన్నీ కట్టేయండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో లీకున్నట్టే.

అసలు ముప్పు వీధి లైనుది. సరఫరా ఆగి పైపు ఖాళీ అయితే, చిల్లుల్లోంచి పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. తర్వాత వచ్చే తుంగభద్ర నీళ్లతో కలిసి బిందెలోకొస్తుంది. వాంతులు, విరేచనాలు, కామెర్లు అలాగే అంటుకుంటాయి.

మార్చేటప్పుడు చన్నీళ్లకు యూపీవీసీ, గీజరుకు సీపీవీసీ వేయించుకోండి. మంచినీళ్ల పైపు మురుగు పైపుకు దూరంగా, ఎత్తులో ఉండాలి. అందాకా నీళ్లు కాచే తాగండి.