ముత్తవ్వ పుట్టినయూరు

పితృదేవతలను దలచుకొనుట మన యిండ్లలో క్రొత్తగాదు. కపిలమహర్షి కోపాగ్నికి భస్మమైన సగరపుత్రులకు సద్గతి గల్పించుటకై భగీరథుడు గంగను దెచ్చిన కథను మనమందరము చిన్ననాడే వినియున్నాము. భగీరథునకు తన పూర్వు లెవరో, ఎచట పడియుండిరో తెలియును. ఆ పేరును, ఆ యూరును తెలియనివారు ఎవరిని దలచుకొని నీరు విడువవలెను? ఈ చింతతో సముద్రము దాటి మన దేశమునకు వచ్చుచున్న తెలుగువారు గలరు. వారు మారిషసు ద్వీపవాసులు. వారి యన్వేషణమును గూర్చి నాలుగుమాటలు వ్రాయదలచితిమి.

మారిషసు హిందూమహాసముద్రమున, ఆఫ్రికాఖండమునకు తూర్పున నున్న చిన్నదీవి. 1835లో నచట బానిసత్వము రద్దయినది. చెరకుతోటలలో పనిచేయుటకు కూలివారు కావలసివచ్చిరి. 1834 మొదలు 1920 వరకు మన దేశమునుండి ఇంచుమించు అయిదులక్షలమంది ఒడంబడికకూలీలు పోర్టులూయీ రేవున దిగిరి. వారిలో కొంద రచటినుండి యితరదేశములకు పంపబడిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల తెలుగువారును వారిలో నుండిరి. గోదావరీముఖమందలి కోరంగిరేవునుండి యోడ లెక్కి పోయినందున, తెలుగువారికి ఆ దీవిలో "కోరంగీలు" అను పేరు వచ్చినది. వారు కాలుమోపిన స్థలమును నేడు ఆప్రవాసీఘాట్ అందురు. అది 2006లో ప్రపంచవారసత్వస్థలములలో చేర్చబడినది.

ఆనాటి దొరతనమువారు దిగినవారి నందరిని లెక్కపుస్తకములలో వ్రాయించిరి. పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది గురుతులు, ఊరు, జిల్లా అందు గలవు. కొంతకాలము పిమ్మట ఛాయాపటములును చేర్చిరి. ఈ పుస్తకములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. మనుమలు, మునిమనుమలు అచట వెదకించి నకలు పొందుచున్నారు. ఆ కాగితమునకు వ్యవహారమందును విలువ గలదు. మారిషసునందలి భారతసంతతివారిలో ఏడవతరమువారు సైతము ప్రవాసభారతీయులకిచ్చు ఓ.సి.ఐ. కార్డునకు అర్హులగుదురని 2024లో మన ప్రభుత్వము ప్రకటించినది. పూర్వు డీ దేశమువాడని చూపుటకు ఆ పాతవ్రాతయే యాధారము.

అయినను కాగితము చేతబట్టుకొని వచ్చినంతమాత్రమున ఊరు దొరకదు. తెలుగు రాని గుమాస్తాలు చెవికి వినబడినట్లు వ్రాసిన పేర్లవి. ఒకే పేరుగల గ్రామములు మనకు పెక్కులు గలవు. జిల్లాలును మారినవి. గంజాములో చాలభాగము 1936లో ఒరిస్సాకు పోయినది. విశాఖపట్టణము జిల్లానుండి 1950లో శ్రీకాకుళము విడిపోయినది. 1979లో విజయనగర మేర్పడినది. 2022లో మరల క్రొత్తజిల్లాలు పుట్టినవి. వీని కన్నిటికంటెను పెద్దచిక్కు ఇంటిపేరు. అచట పలుకుటుంబములలో మొదట వచ్చినవాని పేరే తరువాతివారికి ఇంటిపేరయినది. అసలు ఇంటిపేరు మరుగుపడినది. ఊరు తెలిసినను ఏ గడప తమదో తెలియక నిలిచిపోవలసినదే.

ఇట్టివారికి దారిచూపునది మఱియొకటి గలదు. అది వారి యింటి పూజ. మారిషసు తెలుగువారు రామభజనలు చేయుదురు, అమ్మోరుపండుగ చేయుదురు, సింహాద్రి అప్పన్నను కొలుతురు. ఉగాది అచట సెలవుదినము. వాడుకలో తెలుగు తగ్గి క్రియోలుభాష యింటిలోనికి వచ్చినను, ఈ దేవతల పేర్లు పోలేదు. వంటయింటను, పూజగదిలోను, పిల్లలకు చెప్పు కథలలోను వానిని నిలిపినది తల్లులును అవ్వలును గారా?

అట్టి యింట పెరిగినవారు సింహాచలము మెట్లెక్కినపుడు ఏమనుకొందురో యూహింపుడు. అవ్వ నోట విన్న అప్పన్న అచట చందనముపూతతో నున్నాడు. ఏడాదిలో వైశాఖశుద్ధతదియనాడు మాత్రమే ఆ పూత తొలగించి నిజరూపదర్శన మిత్తురు. ఊరు దొరకకున్నను, తమ పెద్దలు మ్రొక్కిన కొండయెదుట నిలిచినవారికి తమ వంశ మెక్కడో తెగిపోలేదను ధైర్యము కలుగును. గోత్రము తెలియనివారును అచట చేయెత్తి మ్రొక్కగలరు. జ్ఞానోదయమని పెద్దపేరు పెట్టనక్కరలేదు గాని, మనస్సున కంతకంటె వేరు శాంతి యేది?

ఇక మన సంగతి విచారింతము. ఆ లెక్కపుస్తకములలో ప్రతిస్త్రీకిని ప్రత్యేకముగా నొక సంఖ్య, ఆమె పేరు, ఆమె తండ్రిపేరు, ఆమె యూరు వ్రాయబడినవి. కూలికై పేర్లు వ్రాసికొన్నవా రంతపని చేసిరి. మన వంశవృక్షములందు స్త్రీలపే ర్లెన్ని గలవు? తద్దినమునాడు మామ్మ, తాతమ్మల పేర్లు పలుకుదురు. వారి పుట్టినిల్లేదో ఎవరును అడుగరు. సముద్రము దాటనక్కరలేకయే మన ముత్తవ్వ లెందరో మరుగైపోయిరి.

కావున ఇంట పెద్దలున్నపుడే ఒక పుస్తకము తీసికొని వ్రాయుడు. పేరు, తల్లిదండ్రులపేర్లు, పుట్టినయూరు, ఆనాటి తాలూకా, జిల్లా, అత్తవారి యింటిపేరు, పుట్టింటి యింటిపేరు, గ్రామదేవత, ఇంటివేల్పు—ఇవి చాలును. నేడు మన బిడ్డలు దేశదేశములకు పోవుచున్నారు. వారి మనుమరాలు ఒకనాడు ఈ యూరు వెదకికొని వచ్చును. ఆమెకు గుమాస్తా వ్రాత గాక, మన చేతివ్రాత దొరకవలెను.