మద్యం, మెదడు, నలుగురి తోడు

మన ఇళ్లలో మద్యవ్యసనానికి చికిత్స తరచుగా ఒట్టుతో మొదలవుతుంది. బిడ్డ తలమీద చేయి వేయించి "రేపటినుంచి ముట్టను" అనిపిస్తారు. అందులోని ప్రేమను శంకించను గాని, రసాయన శాస్త్రం చదివినవాడిగా ఆ "రేపటినుంచి" అన్న మాటకు భయపడతాను.

మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా, ఉద్రేకాన్ని పెంచే గ్లుటమేట్ త్రాసులోని రెండు తట్టలవంటివి. మద్యం మొదటిదానికి బలమిచ్చి, రెండవదానిని అణగదొక్కుతుంది. ఏళ్ల తరబడి నిత్యమూ అధికంగా సేవించేవారి మెదడు దీనికి సర్దుకొని, గాబాకు స్పందించడం తగ్గించుకొని గ్లుటమేట్ ప్రభావాన్ని హెచ్చించుకొంటుంది. అట్టి స్థితిలో మద్యం హఠాత్తుగా ఆగితే త్రాసు ఒక్కసారిగా ఉద్రేకంవైపు ఒరిగిపోతుంది. కొద్ది గంటలలోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. ఆపైన కొందరిలో మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడుతుంది. కనుక రోజూ ఎక్కువగా తాగేవారు మానదలచితే ముందుగా వెళ్లవలసినది వైద్యుని వద్దకు. అయ్యప్ప మాల వేసుకోబోయేవారికీ ఇదే వర్తిస్తుంది.

మందులున్నాయి. వాటిలో డైసల్ఫిరామ్ కథ విచిత్రమైనది. అది రబ్బరు పరిశ్రమలో వాడే పదార్థం. డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్సన్ అనే శాస్త్రజ్ఞులు దానిని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూచారు. తరువాత మద్యం పుచ్చుకోగానే ముఖం ఎర్రబారి, గుండెదడ పుట్టింది. కాలేయం మద్యాన్ని ఎసిటాల్డిహైడ్‌గాను, దానిని ఎసిటిక్ ఆమ్లంగాను మారుస్తుంది. ఈ రెండవ మెట్టును డైసల్ఫిరామ్ అడ్డగించడంతో విషతుల్యమైన ఎసిటాల్డిహైడ్ పేరుకొంటుంది. ఈ సంగతి 1948లో వెల్లడైంది. భర్తకు తెలియకుండా దీనిని కూరలో కలిపి పెట్టడం ఎన్నడూ చేయరాదు. గుండెజబ్బు ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు. తాగుడులోని తృప్తిని తగ్గించే నల్‌ట్రెక్సోన్‌కు 1994లో, మానినవారిని నిలబెట్టే అకాంప్రొసేట్‌కు 2004లో అమెరికాలో అనుమతి లభించింది.

అయితే సీసాలోని మందు సాయంకాలపు ఒంటరితనాన్ని తీర్చలేదు. 1935లో, రబ్బరు టైర్లకు పేరుగాంచిన ఒహాయోలోని ఆక్రన్‌లోనే (రసాయనికులకు ఇది ముచ్చటైన కాకతాళీయం) బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు ఒకరికొకరు తోడై ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు నాంది పలికారు. 2020లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష, మద్యానికి పూర్తిగా దూరంగా ఉండే విషయంలో ఈ మార్గం ఇతర మానసిక చికిత్సలకన్న మెరుగైన ఫలితాలనే చూపిందని తేల్చింది. సమావేశాలు తరచు చర్చిలలో జరుగుతాయి కనుక మనవారు జంకుతారు. ఆ గది అద్దె గదియే. మతం మారమని ఎవరూ అడగరు.

ఈ పద్ధతి మనకు మరీ కొత్తదీ కాదు. ఎంతటి తాగుబోతయినా నలభైయొక్క రోజుల దీక్షలో నిగ్రహంగా ఉండడం మనం చూచినదే. ఉదయపు చన్నీటి స్నానం, కలిసి చేసే భజన, "స్వామీ" అని పిలిచే నలుగురు అతనిని నిలబెడతారు. మాల తీసిన మరునాడు ఆ నలుగురూ చెదరిపోతారు. ఆక్రన్‌లో పుట్టిన సమావేశానికి మాల తీసే రోజంటూ లేదు.

ఇల్లాలి సంగతి మనం బొత్తిగా తలచము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించగలిగారంటే, వారు ఒకచోట కూడి మాట్లాడుకొన్నందువల్లనే. ఇక్కడ మన సోదరి, సంఘంలో నలుగురూ ఏమనుకొంటారోనని, పార్టీలో భర్త తూలితే "జ్వరం" అని సర్దిచెప్పి ఇంటికి తీసుకుపోతుంది. ఆమెవంటివారి కొరకే 1951లో ఆల్-ఆనాన్ ఏర్పడింది. భర్త మానినా మానకపోయినా ఆమె అక్కడకు వెళ్లవచ్చు. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు.