పాత ల్యాప్‌టాపునకు కొత్త పడుగు

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అనేక పాత యంత్రములపై ఎక్కదు. అంతమాత్రమున రాయగడ, కోరాపుట్ జిల్లాల మన నేత కుటుంబములు అప్పుచేసి కొత్తది కొననక్కరలేదని మా అభిప్రాయము.

లుబుంటు అను లినక్స్ వ్యవస్థ ఉచితము, తేలిక. ఇంటి లెక్కలు తెలుగులోను, సర్కారు దరఖాస్తులు ఒడియాలోను అందులోనే వ్రాసికొనవచ్చును. 8 జీబీ పెన్‌డ్రైవులో దానిని సిద్ధపరచి, మొదట అందుండియే నడిపి, వైఫై, ప్రింటరు పనిచేయుచున్నవేమో చూచుకొనవలెను.

అయితే ఇది పాత పడుగుకు కొత్తది అతుకుట కాదు. డిస్కునంతయు తుడిచి ఎక్కించినచో పాతదేదియు మిగలదు. చీరల నమూనాలు, బాకీల లెక్కలు వేరొకచోట నకలు తీసిన పిమ్మటనే పూనుకొనుడు. టాబ్లెట్లకు మాత్రము తయారీదారులు తరచు తాళము వేసియుంతురు. వాటి జోలికి పోవలదు.