చౌరస్తా ఎక్కడ బిగుసుకుంటుంది?

సాయంత్రం ఆరు దాటాక జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. సర్కిల్ దాటి బయటికి వెళ్లే దారి మొదట్లోనే ఒక ఆటో సవారీ కోసం ఆగుతుంది. దాని వెనక బైకు, బైకు వెనక కారు, ఆ వెనక మక్కల లోడుతో ట్రాక్టరు. ట్రాలీ తోక ఇంకా సర్కిల్ లోపలే ఉండిపోతుంది. దాంతో పక్క సడక్‌కు మళ్లాల్సిన బండ్లు ఆగుతాయి, అవి ఆగాయని వాటి వెనకవీ ఆగుతాయి. వరుస గుండ్రంగా తిరిగొచ్చి చివరికి ఆ ఆటోకే అడ్డం పడుతుంది. హారన్లన్నీ లోపల మోగుతాయి, ముడి మాత్రం బయటికెళ్లే దారిలో ఉంది.

ఇది అర్థమైతే చౌరస్తాల బాగుసేత సగం అర్థమైనట్టే. ఎక్కువ చోట్ల మనం మధ్యలోని దిమ్మెను పెద్దది చేసి, ఫౌంటెన్ కట్టి, చుట్టూ గ్రిల్ బిగిస్తాం. చూడ్డానికి బాగుంటుంది కానీ బండ్లు తిరగాల్సిన జాగా తగ్గిపోతుంది.

సర్కిల్లోకి వచ్చే బండి లోపలికి జరగాలి, వెళ్లేది బయటికి జరగాలి. ఒకదాని దారిని మరొకటి ఏటవాలుగా దాటే ఈ పనిని ఇంజినీర్లు ‘వీవింగ్’ అంటారు, అంటే నేత. పడుగూ పేకా తెలిసిన సిరిసిల్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. అలా దాటుకోవడానికి రెండు దారుల మధ్య కొంత పొడవు కావాలి. అది కురచైతే బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఆగిపోతాయి.

మరి ముందు ఎవరు పోవాలి? ఇంగ్లండులో 1960ల దాకా దీనికి గట్టి నియమం లేదు. బయటి బండ్లు చొరబడుతుంటే లోపలివి కదలలేక సర్కిళ్లు తాళం వేసినట్టు బిగుసుకునేవి. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజినీరు ప్రయోగాలు చేసి చూపించాక, 1966లో అక్కడ కొత్త నియమం వచ్చింది: లోపల తిరిగే బండికే ముందు దారి, వచ్చేవాళ్లు ఆగాలి. మన దేశంలో 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలూ ఇదే చెబుతున్నాయి. లైసెన్సు తీసుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ మాట ఎవరైనా చెప్పారో! నాకైతే ఎవరూ చెప్పలేదు.

ఈ నియమంతో సర్కిల్ సరిగ్గా నడిస్తే ప్రాణాలూ దక్కుతాయి. మామూలు నాలుగు దారుల కూడలిలో బండ్లు ఢీకొనగల బిందువులు 32 ఉంటే, ఒంటి వరుస సర్కిల్లో 8 మాత్రమే. పైగా ఎదురెదురుగా గుద్దుకునే ప్రమాదం దాదాపు ఉండదు.

అయితే సర్కిల్‌కూ ఒక హద్దుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976లో వేసిన లెక్క ప్రకారం అన్ని దారుల నుంచీ కలిపి గంటకు సుమారు 3,000 బండ్లు దాటితే, అంటే నిమిషానికి 50, సర్కిల్ తట్టుకోలేదు. అప్పుడు సిగ్నల్ గురించి ఆలోచించాలి. జాగా విషయంలో బండ్లన్నీ సమానం కావు: సర్కిల్లో కారు ఒకటైతే బైకు 0.75, లారీ 2.8. ఎండాకాలం చల్‌గల్ మార్కెట్ నుంచి మామిడికాయల లారీలు బయల్దేరే రోజుల్లో జగిత్యాల రోడ్ల మీద ఈ లెక్క ఎంత మారుతుందో ఊహించుకోవచ్చు. పైగా లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే దిమ్మె చుట్టూ కొంచెం ఎత్తుగా గరుకు రాళ్ల అంచు వేయాలి. లారీ చక్రం దాని మీదుగా పోతుంది, కారు దాని జోలికి పోదు.

ఇక చేయాల్సిన వాటిలో నేను ముందు పెట్టేది ఖర్చు తక్కువ పని. బయటికెళ్లే దారుల మొదట్లో ఆటో, బస్సు, తోపుడుబండి ఏదీ ఆగకుండా చూడాలి, వాటికి కొంచెం అవతల సరైన జాగా ఇవ్వాలి. ఆ తర్వాతే లోపలికొచ్చే దారులను చివర్లో గరాటు మూతిలా వెడల్పు చేయాలి, అప్పుడు రెండు బండ్లు పక్కపక్కనే ఆగి ఎడం దొరికినప్పుడు కలిసి కదులుతాయి.

వచ్చే బండ్లకూ పోయే బండ్లకూ నడుమ చిన్న తిన్నె కట్టడమూ అంతే ముఖ్యం. నడిచి దాటేవాళ్లకు అదే ఆసరా. కోరుట్లనే చూడండి, 63వ నంబరు జాతీయ రహదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. బీడీల గంప చంకన పెట్టుకుని ఆ రోడ్డు దాటే ఆడమనిషి ఇప్పుడు రెండు వైపులా ఒకేసారి చూసుకుంటూ పరుగెత్తాలి. తిన్నె ఉంటే ముందు కుడివైపు చూసి సగం దాటుతుంది, నడుమ నిలబడి గంప సర్దుకుంటుంది, ఎడమవైపు చూసి మిగతా సగం దాటుతుంది.