దీవిని చుట్టి యీదుట

పానగల్లు చెరువునకు పూర్వులు ఉదయసముద్రమని పేరిడిరి. కందూరు చోడుల నాటి యీ జలాశయము నేడు నాగార్జునసాగరమునుండి వచ్చు నీటిని నిలువచేయుచున్నది. కట్టపై నిలిచి చూచువారికి ఆ పేరు అతిశయోక్తిగా తోపదు. వేసవి సెలవులలో బావులయందు దుమికి ఈతలాడు మన బాలురు ఆ కట్టమీద నిలిచి, “సముద్రమున ఒక దీవి చుట్టు ఈదివచ్చుట మనుష్యునికి సాధ్యమా?” అని మమ్ము అడుగుట కలదు. సాధ్యమే. అయితే అట్లు ఈదినవారు నీటిలో గడపిన గంటలకంటె ఒడ్డున కూర్చుండి లెక్కించిన దినములే యెక్కువ. ఆ లెక్క యెట్టిదో యిచ్చట వివరింపదలచితిమి.

ముందుగా మన తెలుగువారి దృష్టాంత మొకటి చూతము. భారతదేశమునకును శ్రీలంకకును నడుమ పాక్ జలసంధి గలదు. ఆ వైపున మన్నారు దీవి కొననున్న తలైమన్నారు. ఈ వైపున రామేశ్వరపు దీవి కొననున్న ధనుష్కోడి. నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. 1966 ఏప్రిల్ నెలలో మిహిర్ సేన్ గారు దీనిని 25 గంటల 36 నిమిషములలో ఈదిరి. 2021 మార్చి 19వ తేదీన హైదరాబాదునందు నివసించు గోలి శ్యామల గారు తెల్లవారకమునుపే బయలుదేరి, 13 గంటల 43 నిమిషములలో ఈ దరి చేరిరి. అనగా గంటకు సగటున 2.2 కిలోమీటర్లు. ఇది మెల్లగా నడచువాని వేగముకంటెను తక్కువ. ఆమె బాల్యమునుండి ఈత నేర్చినవారును గారు. నలువది యేండ్లు దాటిన పిమ్మట నీటి భయమును జయించి నేర్చుకొనిరి. కాబట్టి యిట్టి కార్యమునకు వేగముకంటె ఓర్పును, ఓర్పుకంటె ముందాలోచనయు ముఖ్యములని తెలియుచున్నది.

దీవిని చుట్టవలసినప్పుడు లెక్క మరింత చిక్కగును. ఒక దరినుండి మరియొక దరికి పోవువాడు అనుకూల ప్రవాహమును వెదకికొనవచ్చును. చుట్టివచ్చువాడో, ప్రవాహము ఒకే దిక్కున సాగుచుండిన యెడల, ఏదో యొక ప్రక్కను దానికి ఎదురీదక తప్పదు. “ఒక ప్రక్కను కలిగిన లాభము రెండవ ప్రక్కను కలుగు నష్టమునకు సరిపోవును” అని పలువురు తలంతురు. అది పొరపాటు. విద్యార్థులు పలక తీసికొని లెక్క చేయుదురు గాక. దీవి చుట్టుకొలత 12 కిలోమీటర్లు. ఈతగాని వేగము నిలుకడ నీటిలో గంటకు 3 కిలోమీటర్లు. ప్రవాహము లేనిచో 4 గంటలు చాలును. ప్రవాహము గంటకు 1 కిలోమీటరైనచో, ఒక ప్రక్క 6 కిలోమీటర్లకు గంటన్నర, రెండవ ప్రక్క 3 గంటలు. మొత్తము 4 గంటల 30 నిమిషములు. ప్రవాహము 2 కిలోమీటర్లైనచో 1 గంట 12 నిమిషములును 6 గంటలును కలిసి 7 గంటల 12 నిమిషములు. ప్రవాహము 3 కిలోమీటర్లైనచో ఎంత ఈదినను ఉన్నచోటనే యుండును. నీటిని కండబలముతో గెలువజాలమనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

అందువలన వివేకియైనవాడు కాలమును గమనించును. ఆటుపోటులు బలముగా నుండుచోట్ల ప్రవాహము సుమారు ఆరేసి గంటలకు దిక్కు మార్చుకొనును. అమెరికాలోని మన్‌హటన్ దీవిని చుట్టి సుమారు 46 కిలోమీటర్లు ఈదువారు ఆటుపోటుల పట్టిక చూచి, ప్రవాహము తమకు తోడ్పడునట్లు బయలుదేరు గంటను నిర్ణయింతురు. మన పాక్ జలసంధియందు ఆటుపోటు లల్పము. గాలి పుట్టించు అలలును ప్రవాహములును అధికము. కావున ఈశాన్యపు గాలులు తగ్గి, నైరృతి గాలులు ఇంకను రాని మార్చి ఏప్రిల్ నెలలను ఎన్నుకొందురు. పైన చెప్పిన రెండు ఈతలును ఆ నెలలయందే జరిగినవి.

తరువాత పడవ. దారి తెలిసిన నావికుడును, ఈతగానిపై కన్ను వేసియుంచు పరిశీలకుడును, వైద్యము తెలిసినవాడును అందుండవలయును. దేశముల సరిహద్దు దాటవలసియున్నచో ఉభయ ప్రభుత్వముల అనుమతి కావలయును. నియమము ప్రకారము ఈతగాడు పడవను ముట్టరాదు; ఆహారమును సీసాలో నుంచి త్రాటితో అందింతురు. చక్కెరయు కొంచెము ఉప్పును కలిపిన నీరు, మెత్తని అరటిపండు వంటివి అరగంట కొకసారి యిచ్చుట సామాన్య పద్ధతి. దాహము వేయువరకు ఆగిన యెడల ఆలస్యమైనట్లే. ఉష్ణదేశపు సముద్రమున చలికంటె వేడిమియే శత్రువు. వెచ్చని నీటిలో దేహతాపము సులువుగా వెలికి పోజాలదు. అంతర్జాతీయ పోటీలలో నీటి వేడిమి 31 డిగ్రీలకు మించరాదను నియమ మందులకే యేర్పడినది. జెల్లీచేపల కాటును, ఎండవలన చర్మము కమలుటయు, ఉప్పునీటివలన నాలుక వాచుటయు ముందే తలపోసికొనవలసిన బాధలు.

అన్నింటికంటె ముఖ్యమైన యేర్పాటు మరియొకటి గలదు. ఈత ఆపవలసిన సమయమును ఎవరు నిర్ణయింతురో ఒడ్డుననే నిశ్చయించుకొనవలయును. అలసినవాని బుద్ధి మందగించును. “ఇంక కొంచెమే” అని అతడు అనుచుండగనే అపాయము మీదపడును. కావున ఆ యధికారము ఈతగానికి గాక పడవలోనివారికి ఉండవలయును. వారు “చాలు” అన్నప్పుడు పడవ యెక్కుట అవమానము గాదు. సముద్రము మరుసటి యేడును అచ్చటనే యుండును.

ఇప్పుడు మన చెరువు సంగతి. ఏటేట వేసవిలో మన పల్లెలయందు చెరువులలోను బావులలోను బాలురు ప్రాణములు కోల్పోవుట తలిదండ్రు లెరిగినదే. సముద్రము నీదువారికి పడవయు వైద్యుడును కాపలాయుండగా, మన బాలుడు ఎవరికిని చెప్పక, తోడు లేక, లోతెరుగక దుముకును. మంచినీరు ఉప్పునీటివలె దేహమును తేల్చదు; అడుగున బురదయు నాచును కాళ్లను పట్టును; తూములయొద్ద నీరు లోనికి లాగును. కావున నేర్పరియైన పెద్దవాని యెదుట, రొమ్ములోతు మించని నీటిలో నేర్చుకొనుడు. ఒకడు మునుగుచుండిన యెడల వెంటనే దుముకక, కేకవేసి, త్రాడుగాని కఱ్ఱగాని పంచెగాని అందింపుడు. తలిదండ్రులారా, ఈత వలదని పిల్లలను నిషేధించుటకంటె వారికి నేర్పించి కాపాడుట మేలు. బాలికలకును నేర్పింపుడు.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి వ్యయము లెక్కించునని మన ప్రభువు చెప్పిన ఉపమానమును మీ రెరుగుదురు. ఈతకును అదియే న్యాయము. ఉదయసముద్రపు కట్టపై నిలిచి దీవులను కలగను బాలునికి మా మాట యొక్కటే: కలను విడువకుము, ముందు లెక్క నేర్చుకొనుము.