లాక్స్ (పత్రికల పరిరక్షణ వ్యవస్థ)

లాక్స్ అనేది పరిశోధన పత్రికల ఎలక్ట్రానిక్ సంచికలను దీర్ఘకాలం భద్రపరచడానికి అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు 1999లో ప్రారంభించిన వ్యవస్థ. విక్టోరియా రైక్, డేవిడ్ రోజెంతాల్ దీని రూపకర్తలు. "లాట్స్ ఆఫ్ కాపీస్ కీప్ స్టఫ్ సేఫ్" అనే ఆంగ్ల వాక్యంలోని పదాల తొలి అక్షరాలు కలిపి ఈ పేరు పెట్టారు. ప్రతులు ఎన్ని ఎక్కువ ఉంటే విషయం అంత క్షేమం అని దీని భావం.

నేపథ్యం

అచ్చు పత్రికకు చందా కట్టిన గ్రంథాలయానికి ప్రతి సంచికా సొంత ఆస్తి అయ్యేది. చందా మానివేసినా, ప్రచురణ సంస్థ మూతపడినా, బైండు చేసిన పాత సంపుటాలు బీరువాలోనే ఉండేవి. ఒక గ్రంథాలయం కాలిపోయినా అదే సంపుటం మరొక ఊరిలో దొరికేది. ఎవరూ ప్రత్యేకంగా పూనుకోకుండానే పరిరక్షణ జరిగిపోయేది.

1990ల మధ్య నుండి పత్రికలు వెబ్‌లోకి రావడంతో ఈ ఏర్పాటు తలక్రిందులైంది. సంచికలు ప్రచురణకర్త సర్వరులోనే ఉంటాయి. గ్రంథాలయం చెల్లించేది చదువుకొనే హక్కుకు అద్దె మాత్రమే. చందా ఆగినా, సంస్థ మూతపడినా, గతంలో డబ్బు కట్టిన సంచికలు సైతం అందకుండా పోవచ్చు. స్టాన్‌ఫోర్డ్ గ్రంథాలయాలు 1995లో హైవైర్ ప్రెస్ పేరుతో పత్రికలను వెబ్‌లో ఉంచడం మొదలుపెట్టాయి. రైక్ అందులో పనిచేసిన గ్రంథపాలకురాలు.

పనిచేసే విధానం

లాక్స్‌లో చేరిన ప్రతి గ్రంథాలయం తన అధీనంలో ఒక కంప్యూటరును నడుపుతుంది. దీనిని లాక్స్ పెట్టె అంటారు. ప్రచురణకర్త తన వెబ్‌సైటులో అనుమతి వాక్యం ఉంచితే, ఈ పెట్టె ఆ సంచికలను సేకరించి దాచుకుంటుంది.

దాచిన ప్రతి కూడా చెడిపోవచ్చు. డిస్కులో కొన్ని బిట్లు మారిపోతే వెంటనే ఎవరికీ తెలియదు. అందుచేత పెట్టెలు అప్పుడప్పుడు తమ ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి. ఇందుకు వ్యాసం మొత్తం పంపవు. దాని నుండి లెక్కగట్టిన 'హ్యాష్' అనే సంఖ్యను పంపుతాయి. వ్యాసంలో ఒక్క అక్షరం మారినా ఈ సంఖ్య మారిపోతుంది. ఎక్కువ పెట్టెలతో విభేదించిన పెట్టె తన ప్రతి చెడినదని గ్రహించి, ప్రచురణకర్త నుండి గాని, మరొక పెట్టె నుండి గాని మంచి ప్రతిని తెచ్చుకుంటుంది. అయితే ఆ సంచిక ఇదివరకే తన వద్ద ఉన్నట్లు ఋజువు చేసుకున్న పెట్టెకే ఇతర పెట్టెలు ప్రతిని ఇస్తాయి. కాబట్టి చందా కట్టనివారు దొడ్డిదారిన సంచికలు పొందలేరు.

ఈ సరిచూపు కావాలనే నెమ్మదిగా జరుగుతుంది. అన్ని ప్రతులనూ ఒక్కసారిగా మార్చివేయాలని చూసే దుండగులకు ఈ నెమ్మదే అడ్డంకి.

సంబంధిత వ్యవస్థలు

క్లాక్స్: లాక్స్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా 2006లో ప్రయోగాత్మకంగా మొదలైంది. దీనిని ప్రచురణకర్తలు, గ్రంథాలయాలు కలిసి నిర్వహిస్తాయి. వివిధ ఖండాలలోని 12 సంస్థలలో ప్రతులు ఉంచేలా దీనిని రూపొందించారు. సాధారణంగా వీటిని పాఠకులు చదవలేరు. పత్రిక మరెక్కడా లభించని స్థితి వచ్చినప్పుడు మాత్రం అందరికీ ఉచితంగా తెరుస్తారు. అవయవ మార్పిడికి సంబంధించిన 'గ్రాఫ్ట్' అనే పత్రిక 2003తో ఆగిపోగా, దాని సంచికలను 2008లో ఇలా తెరిచారు.

పోర్టికో: జేస్టోర్ 2002లో చేపట్టిన పథకం నుండి రూపొంది 2005లో మొదలైంది. ప్రచురణకర్తల నుండి మూల ఫైళ్లను తీసుకొని, ప్రామాణిక రూపంలోకి మార్చి భద్రపరుస్తుంది.

పరిమితులు

ప్రచురణకర్త ముందుగా ఏదో ఒక వ్యవస్థలో చేరితేనే ఈ ఏర్పాట్లు పనికివస్తాయి. పెద్ద సంస్థల పత్రికలు చాలావరకు చేరి ఉన్నాయి. చిన్న విద్యాసంస్థలు, పండిత సంఘాలు నడిపే ఉచిత పత్రికలకు ఆ వనరులు తక్కువ. 2000 - 2019 మధ్య 174 ఉచిత పత్రికలు వెబ్ నుండి అదృశ్యమైనట్లు 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన గుర్తించింది. మార్టిన్ ఈవ్ 2024లో ప్రచురించిన పరిశీలనలో సుమారు 74 లక్షల రచనలను వెదకగా, వాటిలో దాదాపు 28 శాతం ప్రధాన భద్రాలయాలలో ఎక్కడా కనిపించలేదు.

ఇటువంటి చిన్న పత్రికల కొరకు కెనడాకు చెందిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ లాక్స్ ఆధారంగా ఒక ఉచిత వ్యవస్థను ఏర్పాటు చేసింది. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే, ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య కలిగిన పత్రికలు ఇందులో చేరవచ్చు. కాని సంపాదకుడు ఆ సదుపాయాన్ని స్వయంగా ఎంచుకోవాలి. పత్రిక మూతపడిన తరువాత ఆ అవకాశం ఉండదు.